ఒకటిన్నర అంగుళం కిందికి

కారును మెట్‌పల్లి నుంచి మంచిర్యాలకు తెచ్చిన రోజు బాపు గేటు దగ్గరే నిలబడిపోయాడు. చుట్టూ తిరిగి చూడలేదు, తలుపు తీయలేదు. చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు దాని ముందు భాగాన్నే చూసి, "గీ కారు నాకెరుకే," అన్నాడు. "డాక్టర్ సాబ్ కారు. గిది బొగ్గుబాయి మీదికి వచ్చిందంటె లోపల ఎవలకో ఏదో అయినట్టే."

నాకు గుర్తున్న కారు వేరు. అప్పుడు మేము బెల్లంపల్లిలో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాకు ఎనిమిదేళ్ళుంటాయి. గని ఆసుపత్రి డాక్టరు గారికి ఎర్రటి కారొకటి ఉండేది. రెండే తలుపులు. ఎవరో బంధువులు విదేశం నుంచి ఓడలో తెప్పించారని చెప్పుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో తిరిగే లారీలు, జీపులు అన్నీ మా తలల కన్నా ఎత్తు. ఆ కారు పైభాగం మాత్రం ఎనిమిదేళ్ళ నాకు కూడా కనిపించేది. రోడ్డును కడుపుతో తాకుతూ పోతున్నట్టుండేది. అది ఆసుపత్రి మలుపు తిరిగేదాకా పరుగెత్తేదాన్ని. బాపు టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆ కారు ఎక్కడికి పోతుందో, ఎందుకు పోతుందో నాకేం తెలుసు.

ఇప్పుడు నాకు నలభై నాలుగేళ్ళు. మంచిర్యాలలో జూనియర్ కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. అవ్వ పోయినప్పటి నుంచి బాపు నా దగ్గరే ఉంటున్నాడు. డాక్టరు గారి కారు చేతులు మారి మెట్‌పల్లిలో ఒక రైసుమిల్లు షెడ్డులో పడి ఉందని తెలిసినప్పుడు నేను రెండు నెలలు ఆగాను. ఆ తర్వాత ఆగలేకపోయాను.

షెడ్డులో కారును చూసినప్పుడు సంతోషం కన్నా ముందు బాధ కలిగింది. దాన్ని కొన్నాయన గుంతల రోడ్లకు భయపడి, వేరే ఏదో బండివి పొడవాటి, మందపాటి స్ప్రింగులు వేయించాడు. అవి చాలవన్నట్టు పైన రబ్బరు దిమ్మెలు కూడా పెట్టించాడు. బురదలో నడిచేటప్పుడు లుంగీ ఎత్తి పట్టుకున్న మనిషిలా నిలబడి ఉంది నా కారు.

చూడ్డానికి బాగాలేకపోవడం ఒక్కటే అయితే సర్దుకునేదాన్నేమో. ఇంటికి తెస్తున్నప్పుడు ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన దాటి, లక్సెట్టిపేట ముందు ఒక మలుపు తిరుగుతుంటే బండి మొత్తం ఒక పక్కకు ఒరిగింది. వెనక చక్రాలు బయటికి జారాయి. ఎదురుగా పత్తి లారీ వస్తోంది. ఎలా సరిచేశానో ఇప్పటికీ చెప్పలేను. లారీ పోయాక రోడ్డు పక్కన ఆపి, స్టీరింగు మీద చేతులు అలాగే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దీన్ని కిందికి దించాలి, లేకపోతే నడపకూడదు. అక్కడే నిర్ణయించుకున్నాను.

దించడానికి ఏమేం భాగాలు వేయాలన్నది వేరే సంగతి. ఫోన్లో చూసిన వీడియోలు ఒక్కొక్కటి ఒక్కో మాట చెప్పాయి. కరీంనగర్ బైపాస్ మీద ఒక షాపు ఉంది, కార్లకు రంగుల లైట్లు, వెడల్పు చక్రాలు వేస్తారు. మలుపుల్లో నడకంత మెల్లగా నడుపుకుంటూ ముందు అక్కడికి పోయాం. బాపు కూడా వచ్చాడు. కారంటే ఇష్టం లేకపోయినా నన్ను ఒంటరిగా దాన్ని నడపనివ్వడం ఆయనకు అంతకన్నా ఇష్టం లేదు.

షాపాయన ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. కొత్త భాగాలేవీ అక్కర్లేదట. ఉన్న స్ప్రింగులనే రెండు చుట్లు కోసేస్తే అరగంటలో బండి నేలకు ఆనుతుందట. నేను తలూపాను. జాకీ ఎత్తి చక్రం విప్పారు. కోసే మిషను చేతిలోకి తీసుకున్నాడు. వైరు ప్లగ్గులో పెట్టాడు.

అప్పుడు వేలాడుతున్న చక్రం భాగాన్ని చూశాను. బండి ఎత్తినప్పుడు అది ఎంత కిందికి దిగిందో కనిపిస్తోంది. స్ప్రింగు ఆ పొడవంతా నిండి ఉంది కాబట్టే తన గూట్లో కూర్చుంది. రెండు చుట్లు తీసేస్తే, చక్రం గుంతలోకి దిగిన ప్రతిసారీ స్ప్రింగు వదులవుతుంది. వదులైంది మళ్ళీ సరిగ్గా గూట్లోనే కూర్చుంటుందని ఎవరు చెప్పగలరు? ఆ మాటే అడిగాను.

"మేడం, మస్తు బండ్లు చేసినం. ఒక్కరు గూడ వాపస్ రాలే," అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్న బాపు తల తిప్పకుండానే అడిగాడు. "రాలేదా, రాలేకపోయిండ్రా?"

షాపాయన మొహం ఎర్రబడింది. నేను చక్రం మళ్ళీ బిగించమన్నాను.

అక్కణ్ణుంచి ఒక టైర్ల దుకాణం వాళ్ళు చెబితే జగిత్యాల రోడ్డులో ఒక ఉస్తాద్ దగ్గరికి పోయాం. అరవై దాటిన మనిషి. పాత బండ్లు తప్ప ముట్టుకోడు. రేకుల షెడ్డు, ఒక గొయ్యి, గోడకు వరసగా పానాలు. ఆయన ముందు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చక్రం నడిమధ్య నుంచి పైనున్న రేకు అంచు దాకా టేపుతో కొలిచి, సుద్దముక్కతో గోడ మీద నాలుగు అంకెలు రాశాడు. ఆ తర్వాతే మాట్లాడాడు. ఎంత దించాలని అడిగాడు. మూడు అంగుళాలన్నాను. ఆయన నవ్వాడంతే.

నా దగ్గర ఇంకో రహస్యం ఉంది. అప్పటికే హైదరాబాద్ నుంచి ఒక సెట్టు తెప్పించుకున్నాను, వాడినదే. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే రకం. గొట్టం మీద మరలు ఉంటాయి, రింగు తిప్పితే బండి ఎంత కావాలంటే అంత దిగుతుంది. ఫోటోలో బంగారు రంగులో మెరిసిపోతుండేది. మరుసటి వారం పెట్టె తీసుకెళ్ళి ఆయన బల్ల మీద గొప్పగా తెరిచాను.

ఉస్తాద్ ఒక్కోటి బయటికి తీసి, గుడ్డతో తుడిచి, కడ్డీ దగ్గర వేలు పెట్టి చూశాడు. వేలికి నూనె అంటింది. రింగు తిప్పబోయాడు, కదల్లేదు. మరల మధ్య తుప్పు తెల్లగా పొంగి ఉంది.

"గివి నీ బండికి వెయ్యను బేటా," అన్నాడు. "ఇంకో దుకాణంల వేసుకుంటనంటె నీ ఇష్టం. నా షెడ్డులకెల్లి మాత్రం నీ బండి గివి వేసుకొని పోదు."

నేను వాదించాను. నూనె సీలు మార్చవచ్చు కదా అన్నాను. మరలు శుభ్రం చేయవచ్చు కదా అన్నాను. పిల్లలకు రోజూ స్ప్రింగు లెక్కలు చెప్పే మనిషికి ఈ మాత్రం తెలియదా అన్న ధోరణి నా గొంతులో ఉండే ఉంటుంది. ఆయన గొంతు పెంచలేదు. పెట్టె మూసి నా వైపు జరిపాడంతే. బాపు మా ఇద్దరినీ చూస్తూ టీ తాగాడు.

నాలుగు రోజులు అలిగి, చివరికి ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఆయన చెప్పింది ఇది: కొత్తగా చుట్టించిన పొట్టి స్ప్రింగులు, వాటికి సరిపోయే పొట్టి షాక్ అబ్జార్బర్లు. స్ప్రింగు పొట్టిదై, షాక్ అబ్జార్బరు పొడవుదైతే లాభం లేదన్నాడు. స్ప్రింగుల పని హైదరాబాద్‌లో తనకు తెలిసిన మనిషికి ఇస్తానన్నాడు. మూడు అంగుళాల సంగతి తేల్చడానికి మమ్మల్ని పిలిపించి, బాపునూ నన్నూ సీట్లలో కూర్చోబెట్టి, వెనక రెండు ఇసుక బస్తాలు వేసి, కింద గొయ్యిలోకి దిగాడు. చక్రం పైకి వచ్చినప్పుడు తగిలే రబ్బరు ముక్కకీ ఇనుముకీ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో వేళ్ళతో కొలిచి, గొయ్యిలోంచే చెయ్యి పైకెత్తి చూపించాడు. నాలుగు వేళ్ళు. మూడు అంగుళాలు దించితే ఆ నాలుగింటిలో ఒక్కటీ మిగలదు. ఒకటిన్నర చాలన్నాడు. కనీసం రెండైనా దించమన్నాను. వచ్చినాక చూద్దామన్నాడు.

స్ప్రింగులు ఒక శుక్రవారం వచ్చాయి. సోమవారం నుంచి కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు. ఆ తర్వాత నెల రోజులు నాకు సెలవు దొరకదు. శనివారం పొద్దున్నే బాపుతో కారులో కరీంనగర్ చేరాను.

ఉస్తాద్ ఒప్పుకోలేదు. కారుకున్న పాత స్ప్రింగులు దానివి కావు, చాలా మందం. వాటిని నొక్కిపట్టి విప్పడానికి గోడకు బిగించే పెద్ద ప్రెస్సు కావాలి. అది పక్క గ్యారేజీలో ఉంది, సోమవారం గానీ ఖాళీ అవ్వదు. తన దగ్గరున్నది చేతి సాధనం. రెండు పొడవాటి మరల కడ్డీలు, చివర్ల కొక్కేలు. స్ప్రింగుకు అటొకటి ఇటొకటి తగిలించి పానాతో బిగిస్తూ పోతే స్ప్రింగు నొక్కుకుంటుంది. అది పాతబడిందన్నాడు.

"చాచా, మీరు ఇన్నేండ్ల సంది దీనితోనే చేస్తున్నరు గద," అన్నాను. "నాకు మళ్ల సెలవు దొరకది. ఇయ్యాలనే చేద్దాం."

ఆయన బాపు వైపు చూశాడు. ఉస్తాద్ నా మొహం చూడకుండా, "సరే బేటా," అని గోడ మీది పానా తీశాడు.

ఈ మాటలు రాయడానికి నాకు ఇప్పటికీ కష్టంగా ఉంది. తొందర నాది. ఆయన అనుభవాన్ని మెచ్చుకుంటున్నట్టు మాట్లాడి ఆయన్నే నెట్టాను.

ఎడమ పక్క స్ప్రింగు గంటలో ఊడి వచ్చింది. నాకు ధైర్యం పెరిగింది. కుడి పక్కది విప్పి నేల మీద నిలబెట్టాం. ముందు చక్రాల దగ్గర స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే గొట్టంలా కలిసి ఉంటాయి. పైన ఒక పళ్ళెం, దాని మీద ఒక నట్టు. ఆ నట్టే స్ప్రింగును బయటికి ఎగరకుండా ఆపుతుంది. కొక్కేలు తగిలించి, అటు నాలుగు తిప్పులు, ఇటు నాలుగు తిప్పులు బిగిస్తూ స్ప్రింగును నొక్కాడు. కింది భాగం కదలకుండా నేను మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నాను. చుట్లు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. ఉస్తాద్ పైనట్టు విప్పి తీసి పక్కన పెట్టాడు. పళ్ళెం మీద ఎడమ చెయ్యి వేసి, ఎత్తబోతూ ముందుకు వంగాడు.

"ఉస్తాద్. ఆగు."

బాపు గొంతు. పెద్దగా అరవలేదు. కానీ ఆ గొంతు నేను మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

ఉస్తాద్ ఆగాడు. బాపు పది అడుగుల దూరంలో స్టూలు మీది నుంచి లేచి, మాకు ఎదురుగా రాకుండా పక్కగా నడిచి వచ్చాడు. "చిన్నగ సప్పుడైంది. మళ్ల అయితది చూడు," అన్నాడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. రోడ్డు మీద ఆటో పోయింది. ఆ తర్వాత వినిపించింది. గోరుతో రేకును గీకినట్టు, టిక్కుమని. నా వైపున్న కడ్డీ నట్టు కింద నుంచి మెరిసే ఇనుప పొడి రాలింది. మరలు తెగుతున్నాయి.

నేను చేతులు తీయబోయాను.

"కదలకు బిడ్డా. నువ్వు ఇడిస్తె అది ఒరుగుతది. ఒరిగితె నీ దిక్కే వస్తది. చేతులు గట్లనే ఉంచి, మొఖం పక్కకు పెట్టు." అదే స్వరంతో ఉస్తాద్‌కు చెప్పాడు. "భాయి, నువ్వు గూడ. దాని మీదికెల్లి తలకాయ తియ్యి. చెయ్యి తియ్యకు. జర మెల్లగ."

ఉస్తాద్ మెల్లగా నిటారయ్యాడు. ఆయన మెడ మీద చెమట కాలరులోకి దిగడం నాకు కనిపిస్తోంది. స్ప్రింగును ఎంత నొక్కితే అంత బలంతో ఎదురు తిరుగుతుందని ఎన్ని బ్యాచులకు చెప్పానో. బోర్డు మీద అది ఒక చిన్న గీత, పక్కన ఒక బాణం గుర్తు. ఇక్కడ అది నా అరచేతుల్లో సన్నగా వణుకుతోంది.

బాపు చుట్టూ చూశాడు. మూలన బండ్లను లాగే గొలుసు ఉంది. దాన్ని చప్పుడు కాకుండా ఎత్తుకొచ్చి, నా వెనక నుంచి వంగి, చుట్ల సందులోంచి ఒక కొస దూర్చాడు. లోపలి నుంచి కిందికి, బయటి నుంచి పైకి. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఆయనకు డెబ్బై మూడేళ్ళు. గ్లాసు పట్టుకుంటే టీ తొణుకుతుంది. అప్పుడు ఆ వేళ్ళు వణకలేదు. ప్రతి చుట్టుకూ ఆగి చెవి వంచి విన్నాడు. మధ్యలో ఇంకోసారి టిక్కుమంది. ఆయన గొలుసు కొక్కేన్ని బిగించి తగిలించాడు.

"ఇగ ముందుగాల నువ్వు రా, బిడ్డా. ఒక్క చెయ్యి. నేను పట్టుకున్న. ఇంకో చెయ్యి. ఎనుకకు రా, లేవకు."

మోకాళ్ళ మీదే వెనక్కి పాకాను. సిమెంటు స్తంభం చాటుకు చేరాక గానీ ఆగలేదు. నా చేతులున్న చోట ఇప్పుడు బాపు చేతులున్నాయి. ఉస్తాద్‌ను కూడా వెళ్ళమన్నాడు. ఆయన వెళ్ళలేదు. ఇద్దరూ కలిసి దాన్ని పిల్లను పడుకోబెట్టినట్టు నేల మీద పడుకోబెట్టారు, పళ్ళెం ఇటుక గోడ వైపు, ఎవరూ లేని వైపు. ఇద్దరూ ఒకేసారి వదిలి నా పక్కకు, స్తంభం వెనక్కి వచ్చారు.

ఉస్తాద్ పొడవాటి పైపు ఒకటి తీసుకుని స్తంభం చాటు నుంచే చెయ్యి చాపి, ఆ కడ్డీని తట్టాడు. రెండోసారి తట్టగానే తుపాకీ పేలినట్టు మోగింది. గొలుసు సాగింది, ఆగింది. స్ప్రింగు గొలుసుతో సహా ఎగిరి గోడకు కొట్టుకుంది. పళ్ళెం విడిపోయి, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నా తల ఉన్న ఎత్తులో ఒక ఇటుకను సగానికి పగలగొట్టింది. ధూళి దిగేదాకా ఎవరం కదల్లేదు.

ఉస్తాద్ నేల మీద కూలబడి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆయన ముందు కూర్చుని తప్పు నాదేనని చెప్పాను. ఇంకా ఏవేవో చెప్పాను, ఏడుస్తూ. ఆయన నేను చెప్పిందంతా విని, "అడిగింది నువ్వు. ఒప్పుకున్నది నేను," అన్నాడు. కాసేపటికి లేచి, ఆ చేతి సాధనాన్ని ఏరి, కోసే మిషనుతో రెండు కడ్డీలనూ ముక్కలు ముక్కలుగా కోశాడు. ఇంకెవరూ ఏరుకుపోయి వాడకుండా కొక్కేలను కూడా కోశాడు.

కారును స్టాండ్ల మీదే వదిలి బస్సులో వచ్చాం. సుల్తానాబాద్ దాటాక బాపును అడిగాను, అంత దూరం నుంచి ఎలా వినిపించిందని.

"దుంగ ఇరిగే ముందు చిటపట అంటది," అన్నాడు. "గా సప్పుడే అనిపిచ్చింది. ఇనుముది గూడ గట్లనే ఉంటదని నాకేం ఎరుక."

ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాను. కిటికీ వైపు తిరిగి బొగ్గు లారీల వరసను చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు ఆయన పనికి పోవడం, రావడం చూశాను. పనిలో ఉండగా చూడటం అదే మొదటిసారి.

ప్రాక్టికల్స్ అయ్యాక, నెల దాటాక మళ్ళీ పోయాం. పక్క గ్యారేజీ ప్రెస్సు తెచ్చి గోడకు బిగించి ఉంది. ఉస్తాద్ పని మొదలుపెట్టే ముందు టేపు నా చేతికిచ్చి, చివరిగా ఎంత దించమంటావని అడిగాడు. మీరు చెప్పినంతే అన్నాను. పని జరుగుతున్నంతసేపూ బాపు స్టూలు మీద కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. సాయంత్రానికి కారు నేల మీదికి దిగింది. నా చిన్నప్పటంత కిందికి దిగలేదు. ఒకటిన్నర అంగుళం, అంతే. ఆయన ముందు రేకును రెండు చేతులతో నొక్కి వదిలాడు. అది ఒక్కసారి కిందికి పోయి, పైకి వచ్చి, ఆగిపోయింది.

తిరుగు ప్రయాణమంతా చెవులతోనే నడిపాను. ప్రతి గుంతకూ ఏదో మోగుతుందని ఎదురుచూశాను. గోదావరిఖని దగ్గర లారీలు తవ్విపోసిన రోడ్డు మీద ఇరవైలో పోతుంటే వెనక బండ్లన్నీ హారన్లు కొట్టాయి. ఏదీ మోగలేదు. గోదావరి వంతెన మీద కొంచెం వేగం పెంచాను. దిగువన మలుపులో బండి ఒరగలేదు, రోడ్డును పట్టుకునే తిరిగింది. అప్పుడు గానీ నా భుజాలు కిందికి దిగలేదు. బాపు పైనున్న పట్టీని పట్టుకున్న చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మా సందు మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. కాలనీ వాళ్ళు సొంతంగా పోసుకున్నది, గట్టులా ఉంటుంది. దాని ముందు ఆపాను. కొలత ఎంతో తెలియదు, దాటుతుందో లేదో తెలియదు. నేను అడగకుండానే బాపు దిగాడు. రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ఒక అరచెయ్యి నేలకు ఆనించి, బండి కిందికి తొంగి చూశాడు. రెండో చేతిని నాకు కనిపించేలా ఎత్తాడు.

"కొంచెం అడ్డంగ తిప్పు. ఆ. ఇగ రా. రా. రా. ఆగు." కాసేపు చూశాడు. "రెండు వేళ్ల సందు ఉన్నది. రా."